ఎర్ర కార్డుకి గడియారం ఉంటుందా?

మేము మేయో కౌంటీలో ఉంటాం, కాసిల్‌బార్‌లో. తమ్ముడు మీత్‌లో, నావన్‌లో. ఐర్లండ్ సంగతి తెలిసినవాళ్ళకి ఈ రెండు ముక్కలు చాలు, మా ఇంట్లో గొడవ ఎక్కడ మొదలవుతుందో అర్థమైపోతుంది.

తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. గేలిక్ ఫుట్‌బాల్ మనం ప్రపంచకప్పులో చూసే ఫుట్‌బాల్ కాదు. జట్టుకి పదిహేనుమంది. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, పిడికిలితో నెట్టొచ్చు. అడ్డకర్ర కిందనుంచి వలలోకి పోతే గోల్, అంటే మూడు పాయింట్లు. పైనుంచి పోతే మామూలుగా ఒక పాయింటు. స్కోరు 2-9 అని రాస్తే రెండు గోల్స్, తొమ్మిది పాయింట్లు, వెరసి పదిహేను. కౌంటీల మధ్య ఆట డెబ్భై నిమిషాలు. ఆడేవాళ్ళెవరికీ జీతం లేదు. వాళ్ళలో టీచర్లుంటారు, రైతులుంటారు, డాక్టర్లుంటారు. ఈ ఆటని నడిపే జీఏఏ అనే సంఘం 1884లో థర్లెస్ అనే ఊళ్ళో ఒక హోటల్లో పుట్టింది. కౌంటీలన్నీ పోటీపడే కప్పు ఫైనల్ ఇప్పుడు జరిగేది డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో. అందులో 82,300 మంది పడతారు.

మేయో చివరిసారి కప్పు గెలిచింది 1951లో. తర్వాత ఎన్ని ఫైనల్స్ ఆడి ఓడిందో చెప్పమని మా ఆయన్ని అడగకండి, చెబుతారు. వాటన్నిట్లోకీ ఆయనకి కడుపుమంట 1996ది. ఆ ఏడు ఫైనల్లో మేయోని ఓడించింది మీత్. ఆయన ఈ దేశం వచ్చేసరికి ఆ ఆట జరిగి చాలా ఏళ్ళయింది. అయినా సొంత పొలం గట్టు ఎవరో రాత్రికి రాత్రి జరిపేసినట్టు మాట్లాడతారు. తమ్ముడు ఇంకో మెట్టు పైన. వాళ్ళ పేటలోని క్లబ్బులో పిల్లల ఆటలకి రిఫరీగా నిలబడుతున్నాడు.

మొన్న అక్టోబరు సెలవులకి వాడు వచ్చినప్పుడు, భోజనాలయ్యాక మా ఆయన పాత మ్యాచ్ ఒకటి టీవీలో పెట్టారు. ఏదో చెప్పక్కర్లేదు. నేను పక్కన కూర్చుని విన్నది రాస్తున్నాను. నేనూ అక్కడక్కడ నోరు చేసుకున్నాను.

మా ఆయన: చూడరా, నువ్వే చూడు. ఆట మొదలై పది నిమిషాలు కాలేదు. సగం మందికి పైగా కలియబడి గుద్దుకున్నారు. బయటికి పోయింది ఎవరు? మీవాడు ఒకడు, మావాడు ఒకడు. మీవాడు కోలమ్ కోయిల్, డిఫెండరు. మావాడు లియమ్ మెక్‌హేల్, మిడ్‌ఫీల్డుకి మూలస్తంభం. ఐర్లండ్ తరఫున బాస్కెట్‌బాల్ ఆడినవాడు, ఆ ఎత్తుకి గాల్లో బంతి వదిలేవాడే కాదు. ఇంకో అరవై నిమిషాల ఆట ఉండగా వాడిని పంపించేస్తే ఇక ఆడేదేముంది?

తమ్ముడు: అరవై నిమిషాలూ ఆడారు కదా బావా. ఒక్క పాయింటు తేడాతోనే ఓడారు. 2-9కి 1-11.

మా ఆయన: అదే నా ఏడుపు! ఒక్క పాయింటు. మెక్‌హేల్ ఉంటే ఆ ఒక్క పాయింటు రాదా?

తమ్ముడు: కోయిల్ ఉంటే మాకు ఇంకో రెండు రావా? మొదటి ఫైనల్ డ్రా అయిందే ఆయన వల్ల. చివర్లో ఆయన ఎత్తి కొట్టిన బంతి నేలమీద ఎగిరి అడ్డకర్ర పైనుంచి పోయింది. లేకపోతే కప్పు అప్పుడే మీది, ఈ రెండో ఆట ఉండేదే కాదు. రిఫరీ పాట్ మెక్‌ఎనానీ మొనాహన్‌వాడు. ఆయనకి మీత్ మీద ప్రేమా లేదు, మేయో మీద పగా లేదు.

మా ఆయన: పగ ఉందని నేననలేదు. తొందరపడ్డాడంటున్నాను. మొదటి పది నిమిషాల్లో రక్తం వేడిగా ఉంటుంది, ఏడాదంతా దీనికోసమే బతికినవాళ్ళు. ఇద్దరు కెప్టెన్లనీ పిలిచి, బాబూ, ఇక చాలు, ఇంకొక్కడు చెయ్యెత్తినా పంపించేస్తానని గట్టిగా చెబితే సరిపోయేది. పెద్దమనిషి తరహా అంటే అది.

తమ్ముడు: పెద్దమనిషి వేరు, రిఫరీ వేరు. నియమాల పుస్తకంలో గడియారం లేదు బావా. కొట్టినవాడు బయటికి. మూడో నిమిషంలో కొట్టాడా, అరవై తొమ్మిదో నిమిషంలో కొట్టాడా అని అందులో రాయలేదు.

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. ఆ కొట్లాటని నేను చాలాసార్లు చూశాను, చూడక తప్పలేదు. ఎవరి పిడికిలి ఎవరి దవడకి తగిలిందో ఆపి ఆపి చూసినా నాకు విడదీయడం రాలేదు. ఇంకోటి, మాటవరసకి మేము ఎర్ర కార్డు అంటున్నాం కానీ అప్పటికి గేలిక్ ఆటల్లో కార్డులే లేవు. రిఫరీ పేరు రాసుకుని, గీత అవతలికి వేలు చూపించేవాడు, అంతే.

మా ఆయన: పుస్తకం సంగతి వదిలెయ్. ముందే ఒకణ్ణి పంపిస్తే ఆట చస్తుందా లేదా? నిజం చెప్పు.

తమ్ముడు: చావదు. 1988 ఫైనల్ చూడండి. మీత్, కార్క్. అదీ మొదట డ్రా అయ్యి మళ్ళీ ఆడిందే. మొదటి పది నిమిషాల్లోపే మా జెరీ మెక్‌ఎంటీని పంపించేశారు. కార్క్‌వాడిని కొట్టాడని. మెక్‌ఎంటీ ఎవరనుకున్నారు? వృత్తికి సర్జను. గంట సేపు పద్నాలుగుమందితో పదిహేనుమంది మీద ఆడి 0-13కి 0-12తో గెలిచాం. మా ఊళ్ళో ముసలాళ్ళు ఇప్పటికీ ఆ ఆటనే తలుచుకుంటారు. పదిహేనుమందితో గెలిచిన 1987 కప్పు గురించి అంత చెప్పుకోరు.

మా ఆయన: నువ్వు చెప్పేవన్నీ బతికి బట్టకట్టినవాళ్ళ కథలురా. మునిగినవాళ్ళు కథ చెప్పరు.

తమ్ముడు: అయితే ఇంకోటి వినండి. 1983. డబ్లిన్, గాల్వే. ఆ రోజు రిఫరీ ఆంట్రిమ్‌వాడు జాన్ గాఫ్ నలుగురిని పంపించేశాడు. డబ్లిన్‌లో ముగ్గురు, గాల్వేలో ఒకడు. బ్రయన్ ముల్లిన్స్ అయితే మొదటి సగంలోనే పోయాడు. చివరికి డబ్లిన్‌కి పన్నెండుమంది, గాల్వేకి పద్నాలుగుమంది. గెలిచింది డబ్లిన్! 1-10కి 1-8. ఆ పన్నెండుమందినీ పన్నెండుమంది అపొస్తలులని ఈనాటికీ పిలుస్తారు. ఇద్దరు ఎక్కువున్నా గాల్వే ఓడింది కదా. రిఫరీ చంపాడా ఆ ఆటని?

మా ఆయన: ఆ ఆట గెలిచినవాళ్ళకి తప్ప ఎవరికైనా ముచ్చటగా ఉందా? కొట్లాటే గుర్తుంది లోకానికి. నేను 1993 చెబుతాను, దానికి జవాబు చెప్పు. డెర్రీ, కార్క్. మొదటి సగంలోనే కార్క్ డిఫెండరు టోనీ డేవిస్‌ని పంపించేశారు. అతను చేసిందేమిటి? పెద్దగా తప్పులేని ఒక ఢీ. అంతకుముందు నిజంగా చెయ్యి చేసుకున్నవాడు అదే జట్టులో మైదానంలోనే ఉన్నాడని డెర్రీ వాళ్ళే అంటారు. అక్కడ వదిలేసినదానికి ఇక్కడ పట్టుకున్నారన్నమాట. కార్క్ 1-14కి 2-8తో ఓడింది.

తమ్ముడు మొదటిసారి కాసేపు మాట్లాడలేదు. రిమోట్ తీసుకుని శబ్దం తగ్గించాడు.

తమ్ముడు: ఆ డేవిస్ కార్డు తప్పే. కానీ ఎందుకు తప్పయింది బావా? ముందుదాన్ని వదిలేసినందుకు. మీరు చెప్పే పెద్దమనిషి తరహా అదే కదా. మొదటివాణ్ణి చూసీ చూడనట్టు వదిలేస్తే, తర్వాత ఎక్కడో ఒక చోట పట్టు బిగించాలి. అప్పటికి దొరికేవాడు అమాయకుడే.

మా ఆయన: మాటలు బాగానే నేర్చావు.

తమ్ముడు: నేర్చుకున్నది మాటల్లో కాదు, బురదలో. మొన్న సెప్టెంబరులో పద్నాలుగేళ్ళ లోపు పిల్లల ఆట. సన్నగా తుంపర. ఇంకా ఒక్క పాయింటు కూడా పడలేదు. ఆరో నంబరు కుర్రాడు బంతి ఎక్కడో ఉండగా అవతలివాడి పక్కటెముకల్లో మోచెయ్యి దింపాడు. నేను ఈల వేశాను. ఈల నోట్లో ఉండగానే గీత అవతల నుంచి వాళ్ళ నాన్న కేక: ఇప్పుడే కదయ్యా మొదలైంది, అప్పుడే ఏం కార్డు! అచ్చం మీలాగే. నేను జేబులోంచి పుస్తకం తీశాను, పెన్సిలుతో ఆరు అని రాశాను. పెన్ను తడిస్తే రాయదు, అందుకే పెన్సిలు. ఎర్ర కార్డు చూపించాను. వాడు ఏడ్చుకుంటూ పోయాడు. నాకు కడుపులో దేవినట్టయింది, అది వేరే సంగతి. కానీ తర్వాత ఆట అయిపోయేదాకా ఒక్కడు మోచెయ్యి లేపలేదు.

మా ఆయన: పిల్లాణ్ణి ఏడిపించి గొప్పలు చెబుతున్నాడు మీ తమ్ముడు.

నేను: దెబ్బ తిన్న పిల్లాడు ఏడవలేదా మరి?

తమ్ముడు: అడుగక్కా! వాడి సంగతి ఎవరూ అడగరు. మొదటి పది నిమిషాల గురించి ఆడేవాళ్ళందరికీ తెలిసిన రహస్యం ఒకటుంది బావా. అవతలి జట్టులో మంచి ఫార్వర్డు ఎవడో వాడిని మొదట్లోనే ఒకటి తగిలించి చూస్తారు. రిఫరీ అప్పుడే కార్డు తీయడని ధైర్యం. ఆ ఒక్క దెబ్బ ఉచితం అనుకుంటారు. మీరు చెప్పే ఓర్పు వల్ల లాభపడేది ఆ కొట్టేవాడే. దాన్ని ఉచితం కాకుండా చేసేది ఆ మొదటి కార్డొక్కటే.

వాడి మాటలో బలం ఉందని నాకు అప్పుడే అనిపించింది. కానీ మా ఆయన అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఆయన దగ్గర ఇంకా అమ్ములున్నాయి.

మా ఆయన: సరే, కొట్టినవాణ్ణి పంపించు, ఒప్పుకుంటాను. మరి 1996లో కొట్టినవాళ్ళందరినీ పంపించాడా? లేదు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, ఇటొకడు అటొకడు అని పంచిపెట్టాడు. అది తీర్పా? తూకం. తర్వాత విచారణలో రెండు వైపులా ఇంకొందరికి నిషేధాలు పడ్డాయి. అంటే తప్పు చేసినవాళ్ళు ఇంకా ఉన్నారని వాళ్ళే ఒప్పుకున్నట్టు కదా?

తమ్ముడు: అందరినీ పంపితే ఎనిమిదిమంది చొప్పున ఆడాలి.

మా ఆయన: ఆడనీ! లేదా ఎవరినీ పంపకు. ఇద్దరిని ఏరి బలిస్తే మాత్రం నేను ఒప్పుకోను. 2022లో ఏం జరిగింది? అర్మా, గాల్వే క్వార్టర్ ఫైనల్. మామూలు సమయం అయిపోయి లోపలికి పోతుంటే సొరంగం దగ్గర కొట్లాట. గాల్వే ఆటగాడు డేమియన్ కోమర్ కంట్లో వేలు పెట్టారు. ఆ వేలు పెట్టినవాడు అసలు ఆ రోజు ఆడే దుస్తుల్లోనే లేడు, తర్వాత ఇరవై నాలుగు వారాల నిషేధం పడింది. కానీ అప్పటికప్పుడు రిఫరీ ఎర్ర కార్డు చూపించింది ఎవరికి? ఇద్దరు కెప్టెన్లకి! ఏడన్ నుజెంట్‌కీ, షాన్ కెల్లీకీ. ఆ రిఫరీ ఎవరో చెప్పమంటావా?

తమ్ముడు: డేవిడ్ కోల్డ్రిక్. మా మీత్ ఆయనే. ఆగండి, నవ్వకండి. గొప్ప రిఫరీ ఆయన. కానీ ఆ రెండు కార్డులనీ సమర్థించడం నా వల్ల కాదు. ఎవరు చేశారో తెలియనప్పుడు ఇంటిపెద్దని పట్టుకున్నట్టయింది.

మా ఆయన: కెల్లీ కార్డు విచారణలో కొట్టేశారు కూడా, సెమీఫైనల్ ఆడాడు. ఇక్కడే నాకు మండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు. బుధవారమో గురువారమో కమిటీ కూర్చుని కార్డు రద్దంటుంది. ఆదివారం పోయిన ఆటని ఎవరు తెచ్చిస్తారు?

తమ్ముడు: ఆ కమిటీల వల్ల మీకే ఎక్కువ నష్టం బావా. 2015 మర్చిపోయారా?

మర్చిపోవడమా. మా ఆయన మొహం చూడాలి అప్పుడు.

ఆ కథ ఇది. డబ్లిన్, మేయో సెమీఫైనల్ డ్రా అయింది. అందులో డబ్లిన్ ఆటగాడు డియర్మడ్ కొనలీకి మేయో ఆటగాడు లీ కీగన్‌ని కొట్టినందుకు ఎర్ర కార్డు పడింది. అంటే మళ్ళీ ఆడే ఆటకి దూరం. ఒక కమిటీ కాదంది, ఇంకో కమిటీ కాదంది. చివరికి వివాదాలు తేల్చే మధ్యవర్తుల మండలి మళ్ళీ ఆట జరిగే రోజు తెల్లవారకముందే, అర్ధరాత్రి దాటాక, కొనలీ ఆడొచ్చని తేల్చింది. ఆడాడు. డబ్లిన్ గెలిచింది, కప్పూ కొట్టింది.

తమ్ముడు: రిఫరీ కళ్ళతో చూసి ఇచ్చిన కార్డుని లాయర్లు కాగితాల్లో పట్టుకుని తీసేశారు. కొట్టలేదని తేల్చలేదు, విచారణ పద్ధతి సరిగా లేదన్నారు. ఇలా జరుగుతుంటే ఏ ఆటగాడు రిఫరీకి భయపడతాడు? మీరు రిఫరీలని తిడుతున్నారు. నేను మాత్రం కౌంటీ బోర్డులు పెట్టుకునే లాయర్లని తిడతాను.

మా ఆయన: ఆ విషయంలో నీతో నాకు తగాదా లేదు. కానీ పై ఏడాది సంగతి? 2016 ఫైనల్, మళ్ళీ ఆడింది. ఆట ముందు వారమంతా కీగన్ అలా పట్టుకుంటాడు, ఇలా లాగుతాడు అని డబ్లిన్ వైపు నుంచి ఒకటే రొద. మొదటి సగంలోనే కీగన్‌కి నల్ల కార్డు. ఆ రోజుల్లో నల్ల కార్డంటే మనిషి పూర్తిగా బయటికే, బదులు వేరేవాడు రావాలి. ఆ ఏడాది ఆటగాళ్ళందరిలోకీ మేటి అని కీగన్‌కే బహుమతి ఇచ్చారు. వాడు లేకుండా ఆడి 1-15కి 1-14. మళ్ళీ ఒక్క పాయింటు!

తమ్ముడు: అదే సగంలో డబ్లిన్ జానీ కూపర్‌కి కూడా నల్ల కార్డు పడింది బావా. ఆ ముక్క మీ కథలో ఎప్పుడూ ఉండదు.

మా ఆయన: ఉంటుంది. చిన్న అక్షరాల్లో.

తమ్ముడు: రిఫరీని ముందే బెదరగొట్టే ఆ రొద నాకూ నచ్చదు. 2019లో కెర్రీ వాళ్ళూ అదే చేశారు. రిఫరీ డేవిడ్ గాఫ్ మీత్‌వాడైనా డబ్లిన్‌లో ఉంటాడు, డబ్లిన్‌లో పనిచేస్తాడు, అతనికి ఫైనల్ ఇవ్వడమేమిటి అన్నారు. డబ్లిన్ వరసగా అయిదో కప్పు కోసం ఆడుతోంది. అంత ఒత్తిడిలో గాఫ్ ఏం చేశాడు? హాఫ్‌టైమ్‌కి కాస్త ముందు డబ్లిన్ కూపర్‌కే రెండో పసుపు కార్డు చూపించి పంపించేశాడు. కెర్రీ ఫార్వర్డు డేవిడ్ క్లిఫర్డ్‌ని పదేపదే పట్టి లాగినందుకు. అయినా పద్నాలుగుమందితో డబ్లిన్ 1-16, 1-16 డ్రా చేసుకుంది. మళ్ళీ ఆడి గెలిచింది. ఇక చెప్పండి, ముందే పడిన కార్డు ఆటని చంపిందా? నా లెక్కలో ఈ శతాబ్దపు మంచి ఫైనల్స్‌లో అదొకటి.

మా ఆయన: కెర్రీ గోల చెయ్యకపోయి ఉంటే ఆ కార్డు తీసేవాడా?

తమ్ముడు: అదిగో! కార్డు తీస్తే గోలకి లొంగాడంటారు, తీయకపోతే డబ్లిన్‌కి అమ్ముడుపోయాడంటారు. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికెవడో. ఒక్క మాట అడుగుతాను, ఆ ఈల మీ నోట్లో పెడితే ఏం చేస్తారు? నూట నలభై అయిదు మీటర్ల పొడవు, తొంభై మీటర్ల వెడల్పు దాకా ఉండే మైదానం. ముప్ఫైమంది ఆటగాళ్ళు. నడి మైదానంలో ఒక్క మనిషి. గీతల మీద ఇద్దరు, గోల్‌పోస్టుల దగ్గర తెల్లకోట్లు వేసుకుని నలుగురు. ఆ నలుగురూ చాలాసార్లు రిఫరీ వెంట తెచ్చుకున్న స్నేహితులో బంధువులో అయి ఉంటారు. అరవై వేలమంది అరుస్తుంటే పక్కవాడి మాటే వినపడదు. 1995లో టిప్పరరీ రిఫరీ పాడీ రసెల్ డబ్లిన్ ఆటగాడు చార్లీ రెడ్మండ్‌ని పంపించేశాడు. రెడ్మండ్ పోలేదు! కాసేపు మైదానంలోనే ఆడుతూ తిరిగాడు. రిఫరీ గమనించి రెండోసారి పంపించాల్సి వచ్చింది.

నాకు ఈ ఘట్టం ఎప్పుడు విన్నా నవ్వాగదు. అది ఫైనల్, అవతల టిరోన్. పోవలసిన మనిషి పోకుండా అక్కడే ఉన్నాడు, దేశమంతా చూస్తోంది. చివరికి డబ్లిన్ గెలిచింది ఒక్క పాయింటుతో, 1-10కి 0-12. టిరోన్ వాళ్ళు ఆఖర్లో కొట్టిన పాయింటు కూడా చెల్లదన్నారు, పీటర్ కానవన్ నేలమీద బంతిని చేత్తో తాకాడని. టిరోన్ వాళ్ళకి నవ్వు రాదనుకోండి.

మా ఆయన: నీ రిఫరీ మీద నాకు జాలి లేదని కాదు. తప్పు దిద్దుకునే దారి లేకపోవడం నా బాధ. 2010 లెయిన్స్టర్ ప్రాంతపు ఫైనల్ గుర్తుందా? మీరూ, లౌత్.

తమ్ముడు: దాని గురించి మాట్లాడొద్దు.

మా ఆయన: మాట్లాడతాను. లౌత్ ఆ కప్పు మొహం చూసింది 1957లో. ఆఖరి క్షణాలు, లౌత్ ముందుంది. మీ జో షెరిడన్ బంతిని పట్టుకుని గోల్ గీత దాటించాడు. తన్నలేదు, పిడికిలితో నెట్టలేదు, చేత్తోనే దాటించాడు. రిఫరీ మార్టిన్ స్లడెన్ గోల్ ఇచ్చేశాడు. 1-12కి 1-10. తర్వాత పొరపాటేనని ఆయనే ఒప్పుకున్నాడు. మళ్ళీ ఆడించే నియమం లేదని జీఏఏ చేతులెత్తేసింది, మీరు తలుచుకుంటే మళ్ళీ ఆడొచ్చంది. మీరు ఆడారా?

తమ్ముడు: లేదు.

మా ఆయన: అంతే.

తమ్ముడు: సిగ్గుగానే ఉంటుంది, మా ఊళ్ళో చాలామందికి. కానీ ఆ రోజు ఆట అయ్యాక జనం మైదానంలోకి దూకి ఆ రిఫరీ మీద పడ్డారు బావా. కొట్టారు, తోశారు. టీవీలో అందరూ చూశారు. ఆ వీడియో చూశాక కూడా రిఫరీ కోర్సుకి పోయేవాడు ఎవడుంటాడు? మా క్లబ్బులో కోచ్‌గా నిలబడమంటే పదిమంది వస్తారు. ఈల పట్టుకోమంటే అందరికీ నడుంనొప్పి.

ఇక్కడికి వచ్చేసరికి ఇద్దరి గొంతులూ తగ్గాయి. టీ పెట్టాను. మా ఆయన కప్పు అందుకుంటూనే మళ్ళీ మొదలు.

మా ఆయన: రగ్బీలో చూడు. కొన్నేళ్ళుగా ఇరవై నిమిషాల ఎర్ర కార్డు పెట్టి చూస్తున్నారు. తప్పు చేసినవాడు బయటికి, మళ్ళీ రాడు. ఇరవై నిమిషాలు జట్టు ఒకడు తక్కువతో ఆడుతుంది, తర్వాత బదులు ఇంకొకణ్ణి దింపుకోవచ్చు. చేసినవాడికి శిక్ష పూర్తిగా, జట్టుకి కొంతే. పది నిమిషాల్లో కార్డు పడినా ఆట ఆటలాగే ఉంటుంది. మనమూ అది పెట్టుకుంటే ఏం పోయింది?

తమ్ముడు: నాకు నచ్చదు. అవతలి జట్టులో ఒక క్లిఫర్డ్ ఉన్నాడనుకోండి. ముప్ఫయ్యో నంబరు జెర్సీవాడొకణ్ణి దింపి, వెళ్ళి ఒకటి తగిలించి రారా అంటారు. మనకి పోయేది ఇరవై నిమిషాలు, వాళ్ళకి పోయేది క్లిఫర్డ్. జీతాలు లేని ఆటలో కూడా అంత లెక్క వేసేవాళ్ళున్నారు బావా. నల్ల కార్డు చూడండి. 2014లో తెచ్చినప్పుడు మనిషి బయటికి పోయి బదులు ఇంకోడు వచ్చేవాడు. ఆఖరి నిమిషాల్లో కావాలనే లాగి పడేసేవాళ్ళు, బదులు కొత్తవాడు వస్తాడు కదా అని. అందుకే 2020లో దాన్ని మార్చి, పది నిమిషాలు జట్టంతా ఒకడు తక్కువతో ఆడాలన్నారు. అప్పటికి గానీ భయం రాలేదు. జట్టుకి నొప్పి లేని శిక్ష శిక్షే కాదు.

మా ఆయన: ఊఁ. ఇది మాత్రం బాగానే చెప్పావు. అయితే కెమెరా పెట్టండి. ఎర్ర కార్డు ఇచ్చే ముందు రిఫరీ ఒక్కసారి వీడియో చూసుకోవచ్చు కదా.

తమ్ముడు: ఊళ్ళో క్లబ్బు మైదానంలో కెమెరా ఎక్కణ్ణుంచి తెస్తాం? జీఏఏ అంటే క్రోక్ పార్క్ ఒక్కటే కాదు. అన్నిచోట్లా ఒకే నియమం ఉండాలి.

మా ఆయన: దొరికావు! మరి హాక్‌ఐ? బంతి పోస్టుల లోపల నుంచి పోయిందా, బయట నుంచి పోయిందా అని చూసే కెమెరాలు 2013 నుంచి క్రోక్ పార్క్‌లో ఉన్నాయి. మీ ఊళ్ళో ఉన్నాయా? నా ఊళ్ళో ఉన్నాయా? అప్పుడు రాని అభ్యంతరం ఇప్పుడెందుకు? ఇంకా చెబుతాను విను. 2025లో జీఏఏ వేసిన జిమ్ గావిన్ కమిటీ ఆట రూపమే మార్చేసింది. నలభై మీటర్ల అవతల నుంచి కొడితే రెండు పాయింట్లు. రిఫరీతో వాదిస్తే బంతి యాభై మీటర్లు ముందుకి. కెప్టెన్ తప్ప ఇంకెవరూ రిఫరీతో మాట్లాడకూడదు. పెద్ద ఆటల్లో సమయం చూసే పని కూడా రిఫరీ చేతి గడియారం నుంచి తీసేసి సైరన్‌కి అప్పగించారు. ఇన్ని బరువులు దించినవాళ్ళు, అన్నిటికన్నా పెద్ద బరువుని మాత్రం ఆయన నెత్తి మీదే ఉంచారు.

తమ్ముడు కప్పు కింద పెట్టాడు. వాడికి జవాబు దొరకనప్పుడు చిన్నప్పటి నుంచీ మెడ వెనక గోక్కుంటాడు. ఇప్పుడూ అదే చేశాడు.

తమ్ముడు: వాదించేవాళ్ళని యాభై మీటర్లు వెనక్కి నెట్టినందుకు మాత్రం గావిన్‌కి దణ్ణం పెట్టాలి, మా పిల్లల ఆటల్లో కూడా నోళ్ళు కాస్త మూతపడ్డాయి. వీడియో అయితే... ఢీ కొట్టిన ప్రతిసారీ ఆపుకుంటూ కూర్చుంటే ఈ ఆట వేగం పోతుంది. గుంపుగా కొట్టుకున్నప్పుడు మాత్రం చూడనివ్వొచ్చు. ఎలాగూ ఆట ఆగే ఉంటుంది కదా. ఒక్కడు ఒక్కణ్ణి కొడితే రిఫరీ కళ్ళు చాలు.

మా ఆయన: 1996 గుంపు కొట్లాటే కదా?

తమ్ముడు: అవును.

మా ఆయన: అంటే మెక్‌హేల్‌ని పంపించేవాళ్ళు కాదు.

తమ్ముడు: అతనితోపాటు ఇంకో నలుగురిని పంపించేవాళ్ళు బావా. అందులో మీవాళ్ళు ఎంతమందో నేను చెప్పలేను.

ఇద్దరూ నన్ను చూశారు, తీర్పు చెప్పమన్నట్టు. అప్పుడు వంటింట్లో పని ఉందని తప్పించుకున్నాను. ఇప్పుడు చెబుతాను. ముందే పడిన కార్డు సంగతిలో మా తమ్ముడిదే నిజం. కొట్టినవాడు ఏ నిమిషంలో కొట్టినా పోవలసిందే, మొదటి పది నిమిషాలకి రాయితీ ఇస్తే అది మోచేతులకి ఇచ్చినట్టే. ఇరవై నిమిషాల కార్డూ వద్దు. కానీ కెమెరా సంగతిలో మా ఆయన గెలిచారు. పోస్టుకి అటూ ఇటూ వేలెడు దూరంలో పోయిన బంతిని కనిపెట్టడానికి క్రోక్ పార్క్ పైకప్పు కింద కెమెరాలు బిగించారు. ఒక కుర్రాడు ఏడాదంతా పడ్డ కష్టం నిలవాలా పోవాలా అన్నది మాత్రం 2025 నియమాల తర్వాత కూడా, గుంపులో ఎవరి చెయ్యి ఎవరిదో పోల్చుకోవలసిన ఆ రిఫరీ రెండు కళ్ళ మీదా, చుట్టూ ఉన్న ఆరుగురు సహాయకుల మీదా ఆధారపడి ఉంది.